రాజుల జత మీద ఆసు పడితే

టెక్సాస్ హోల్డెమ్‌లో చేతికి రెండు రాజులొస్తే వాటిని మించిన జత ఆసులొక్కటే. ఎదుటివాడు రెయిజ్ చేస్తాడు, మనం రీరెయిజ్ చేస్తాం, అతను కాల్ అంటాడు. అక్కడిదాకా ఎవరైనా ఆడతారు. ఆ తర్వాతి ఆటంటేనే నాకు ప్రాణం. స్నేహితులతో డబ్బు పెట్టకుండా ఉత్త చిప్స్‌తో ఆడుకునే మా బల్ల దగ్గర నేను ఎక్కువగా బుర్రపెట్టేది ఇలాంటి పాట్ల మీదే.

ఇద్దరి దగ్గరా 100 బిగ్ బ్లైండ్లు. అతను 3 పెట్టాడు, బటన్ మీదున్న నేను 10 చేశాను, అతను కాల్ చేశాడు, మిగతావాళ్లు తప్పుకున్నారు. బ్లైండ్లతో కలిపి పాట్ 21.5. ఒక్కొక్కరికి మిగిలింది 90, అంటే పాట్‌కి నాలుగు రెట్ల పైచిలుకు. రీరెయిజ్ చేయకుండా కాల్‌తో ఊరుకుని ఉంటే దాదాపు 13 రెట్లు మిగిలేది. అందుకే ఫ్లాప్‌లో 8, 5, 2 లాంటి చిన్న ముక్కలు పడితే 12, 25, 53 చొప్పున మూడు పందేల్లో ఉన్నదంతా లోపలికి వెళ్లిపోతుంది. ఒక్క జతతో అంతదూరం వెళ్లడానికి నేను వెనకాడను.

మరి ఆసు పడితే? రాజులున్నప్పుడు ఫ్లాప్‌లో ఆసు కనబడేది నూటికి దాదాపు 23 సార్లు. కొందరు అక్కడే చేతులెత్తేస్తారు, కొందరు మొండిగా పెద్ద పందెం వేస్తారు. రెండూ నాకు నచ్చవు. ముందు ముక్కలు లెక్కపెట్టాలి. ఇస్పేటు ఆసు, డైమన్ 7, కళావరు 2 పడ్డాయనుకుందాం. రెండు రాజులు నా చేతిలోనే ఉన్నాయి కాబట్టి అతనికి ఆసు-రాజు రావడానికి 6 దారులే. ఒకే రంగు ఆసు-రాణికి 3, ఆసు-జాకీకి 3. మొత్తం 12. రాణుల, జాకీల, పదుల జతలకు మాత్రం 18 దారులు. ఆసుల జతే ఉంటే ఫ్లాప్‌కి ముందే మళ్లీ పెంచి ఉండేవాడు.

అంటే ఇంకా నాదే పైచేయి. కానీ పెద్ద పందెం వేశానంటే ఆ 18 ఫోల్డ్ అవుతాయి, నన్ను కొట్టే 12 మిగులుతాయి. పాట్‌లో మూడో వంతు వేసేవాళ్లున్నారు, అదీ మంచి ఆటే. నేను మాత్రం అతను చెక్ చేస్తే చెక్ చేస్తాను. టర్న్‌లో అతను పందెం వేస్తే కాల్ చేస్తాను. రివర్‌లోనూ పెద్దదే వేస్తే రాజుల్ని వదిలేస్తాను. టర్న్‌లో కూడా చెక్ చేశాడా, అప్పుడు 10 వేస్తాను. నా దగ్గర ఆసు లేదనుకుని జాకీలున్నవాడు ఆ 10కి కాల్ చేస్తాడు.