కత్తెర మనదే, కెమెరా ఎవరిది?

కొలాజ్ అనగానే కళా విమర్శకులు పారిస్ పేరు చెప్తారు. 1912లో పికాసో, బ్రాక్‌ల చేతుల్లో ఇది ఆధునిక కళ అయిందంటారు. కాదని మేం అనం. కానీ కొవ్వూరులో మా ఇంటి మట్టిగోడకి గంజి రాసి పాత పేపర్లు అతికించిన మా అమ్మకి పికాసో ఎవరో తెలీదు. గోడ పెచ్చులు రాలకూడదు, అంతే. సినిమా తార పక్కన సిమెంటు ప్రకటన, ఆ పక్కన ఏసు కేలెండరు, మధ్యలో అంబేద్కర్. మేం అక్షరాలు కూడబలుక్కున్నది ఆ గోడ మీదే. ఆ గోడ మీద లేనిదల్లా మా మొహాలే.

అంబేద్కర్ జయంతికి మా పేట విద్యార్థులు చేసిన కొలాజ్ చార్టు చూసినప్పుడు ఆ గోడ గుర్తొచ్చింది. కారంచేడు (1985), చుండూరు (1991), రోహిత్ వేముల (2016), అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ (2020) - అందరినీ ఒకే అట్ట మీదికి తెచ్చారు. కులం వేరు, జాతి వేరు అని 2001 డర్బన్ సదస్సు సందర్భంగా భారత ప్రభుత్వం వాదించింది. ఆ వాదనకి మా పిల్లలు జిగురుతో జవాబు చెప్పారు. 1946లో అంబేద్కర్ డుబోయిస్‌కి రాసిన ఉత్తరానికి ఇది కొనసాగింపే.

అయినా ఒక మాట అనక తప్పదు. ఆ చార్టు నిండా శవాలు, ఏడుపులే. ఎందుకని? పత్రికలు మనల్ని ఫోటో తీసేది ఎక్కువగా చచ్చినప్పుడే గనక. కత్తెర మన చేతికొచ్చినా కెమెరా వాళ్ళ చేతిలోనే ఉండిపోయింది. వాళ్ళ పేపర్లే ఏరి అతికిస్తే వాళ్ళ చూపే మన గోడకెక్కుతుంది.

నల్లజాతి చిత్రకారుడు రోమేర్ బేర్డెన్ పని ఇక్కడ పనికొస్తుంది. న్యూయార్క్ నగర సంక్షేమ శాఖలో ఉద్యోగం చేస్తూ బొమ్మలు వేసినవాడు. 1963లో, పౌరహక్కుల ఉద్యమం ఉధృతంగా ఉన్నప్పుడు, తోటి కళాకారులతో స్పైరల్ బృందంలో చేరి అందరం కలిసి కొలాజ్ చేద్దామన్నాడు. వాళ్ళు ముందుకి రాకపోతే తనే చేశాడు. పత్రికల ముక్కలతో చేసిన చిన్న కొలాజ్‌లని ఫోటోస్టాట్‌తో పెద్దవి చేసి 1964లో 'ప్రొజెక్షన్స్' పేరుతో ప్రదర్శించాడు. వాటిలో పత్తిచేలు, రైళ్ళు, బాప్తిస్మం, హార్లెం వీధులు ఉన్నాయి. ఒక్కో మొహం నాలుగు మొహాల ముక్కలతో, ఆఫ్రికా ముసుగుల ముక్కలతో తయారవుతుంది. చేతులు ఒంటికి మించి పెద్దవి. అతుకుల్ని దాచడు. బతుకు చెదిరినా అతుక్కుని నిలబడిందని ఆ అతుకులే చెప్తాయి.

అయితే అమెరికా పోలికని యథాతథంగా దించుకుంటే లాభం లేదు. గోదావరి దాటితే రాజమండ్రి. గరిమెళ్ళ 'మాకొద్దీ తెల్లదొరతనము' అంటే, కుసుమ ధర్మన్న అందులో ఒక్క ముక్క కత్తిరించి ఇంకోటి అతికించాడు - 'మాకొద్దీ నల్లదొరతనము'. దీన్ని కొలాజ్ అనరేం? అక్కడ నలుపు అణగారినవాడి రంగు. ధర్మన్న దగ్గర అది దేశీ దొర రంగు. మన అంటరానితనం ఒంటి మీద రాసి ఉండదు. ఇంటిపేరు అడిగి, పేట అడిగి తేల్చుకుంటారు. కాబట్టి మన కొలాజ్‌లో మొహాలు ఒక్కటే చాలవు. కుల ధ్రువీకరణ పత్రం జిరాక్సు, హాస్టల్ చీటీ, కూలి లెక్కల కాగితం, ఇవన్నీ రావాలి. వివక్ష ఏ కాగితాల మీదుగా నడుస్తుందో అప్పుడే కనిపిస్తుంది.

మా అమ్మకి మిగిలింది రేషన్ కార్డు మీది ఫోటో ఒక్కటే. ఆఫీసు ముద్ర సగం మొహాన్ని కప్పేసింది. దాన్ని జిరాక్సు తీయించి, చార్టు మధ్యలో అతికించమని పిల్లలకిచ్చాం. ముద్ర చెరపొద్దన్నాం. నాట్లేసే ఆమె చేతులు కూడా కావాలని వాళ్ళు పాత పేపర్లన్నీ వెతికారు. దొరకలేదు. అవి మనమే తీయాలి.