లొల్లి గావాల్నా, గుంజుడు గావాల్నా

ఇసుకలో చుక్క తేమ మిగిలినా కొలిమిలో పైపు పేలుతుంది. అందుకని చాచా ముందుగా మంజీర ఇసుకను జల్లించి, ఇనుప మూకుట్లో పల్లీలు వేయించినట్టు వేయించాడు. ఒక కొసన కర్ర బిరడా బిగించిన పైపును నిలబెట్టి, ఆ ఇసుకను పిడికెడు పిడికెడు పోస్తూ సుత్తెతో తట్టడం మొదలుపెట్టాడు. మొదట్లో ఖాళీ బిందెలా ఖంగుమన్న పైపు, నిండేకొద్దీ గొంతు తగ్గించి, చివరికి కట్టెను కొట్టినట్టు దబ్బుమంది. అప్పుడు రెండో కొస కూడా మూసి బొగ్గుల మీదికి చేర్చాడు. ఎర్రగా కాలిన పైపును వంచుతుంటే లోపలి ఇసుక దాన్ని చప్పిడిగా నొక్కుకుపోనివ్వదు. వంపు తిరిగినచోట కూడా పైపు గుండ్రంగానే మిగులుతుంది.

2008 జనవరి సంగతి ఇది. ఎడపల్లి దగ్గర రోడ్డు పక్క రేకుల షెడ్డు. బయట చెరకు ట్రాక్టర్లు బోధన్ వైపు బారులు తీరి పోతున్నాయి. లోపల నా 1996 మోడల్ మారుతీ ఎస్టీమ్ బానెట్ ఎత్తుకుని నిలబడింది. దానికి హెడర్స్ వేయించాలని నా పట్టు.

ఎస్టీమ్‌ను స్పోర్ట్స్ కారంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నవ్వనీండి. మాకు అందినంతలో అదే స్పోర్ట్స్ కారు. 1298 సీసీ ఇంజను, తొమ్మిది క్వింటాళ్లకు లోపు బరువు. మద్రాసు శివార్లలో ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద ఎస్టీమ్‌లు పరుగెత్తిన ఫొటోలు పత్రికల్లో చూసి, ఆ పిచ్చిని నిజామాబాద్ నుంచి బోధన్ దాకా ఉన్న పాతిక కిలోమీటర్లలో తీర్చుకునేవాళ్లం.

ఇంజను నాలుగు సిలిండర్ల పొగనూ కంపెనీవాళ్లు ఒక పోత ఇనుము దిమ్మెలోకి వదులుతారు. దాన్నే మానిఫోల్డ్ అంటాం. చవక, గట్టి, చప్పుడు తక్కువ. కానీ లోపల దారి ఇరుకు. సిలిండర్లు 1-3-4-2 వరసలో మండుతాయి. ఒకటో సిలిండరు తన ఆఖరి పొగను ఇంకా నెడుతుండగానే మూడోది వాల్వు తెరిచి, మహా ఒత్తిడితో ఉన్న గ్యాసును అదే దిమ్మెలోకి కుమ్మరిస్తుంది. అది బయటికి పోయే దారి పట్టడమే కాక పొరుగింటి గుమ్మంలోకీ చొరబడుతుంది. హెడర్స్‌లో ఈ తగాదా లేదు. ఏ సిలిండరు గొట్టం దానిదే, పొడవులు నాలుగూ ఒక్కటే. ఒకటినీ నాలుగునూ ఒక జత, రెండునూ మూడునూ ఒక జత చేసి, ఆ జతలను మళ్లీ ఒకటిగా కలిపితే ఫోర్-టూ-వన్. జతలోని రెండింటి మధ్య క్రాంకు పూర్తిగా ఒక చుట్టు తిరుగుతుంది కాబట్టి ఒకరి పొగ ఇంకొకరికి అడ్డురాదు. నాలుగూ ఒకేచోట కలిస్తే ఫోర్-టూ-వన్ కాదు, ఫోర్-టు-వన్. అది ఇంజను బాగా అరిచినప్పుడే పనిచేసే రకం.

నిజాంసాగర్ ఆయకట్టులో పొలం ఉన్నవాళ్లకు నేను ఇంత చెప్పక్కర్లేదు. పిల్లకాలువ ఇంకో కాలువకు అడ్డంగా వచ్చి కలిస్తే నీళ్లు ఎగదన్నుతాయి. రెండూ ఏటవాలుగా, పక్కపక్కన సాగి కలిస్తే వడిగా పోయేది రెండోదాన్నీ లాక్కుపోతుంది. పొగకూ అంతే.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ముందు చేసింది అందరూ చేసే తప్పే. హైదరాబాద్‌లో ఒక దుకాణంలో గోడకు వేలాడుతూ తళతళలాడుతున్న రెడీమేడ్ హెడర్స్ చూసి డబ్బు కట్టేశాను. ఇంటికి తెచ్చి చూస్తే వంపుల దగ్గర గొట్టాలు నలిగి ఉన్నాయి. హెడ్‌కు ఆనాల్సిన ఫ్లాంజి వెల్డింగ్ వేడికి అరటిదొప్పలా వంగింది. బిగించాక మోత మాత్రం అదిరింది. ఫులాంగ్ చౌరస్తాలో జనం వెనక్కి తిరిగి చూశారు, నా ఛాతీ ఉప్పొంగింది. కానీ జానకంపేట దగ్గర మూడో గేరులో చెరకు ట్రాక్టరును దాటబోతే బండి మొరాయించింది. గొట్టాలు అవసరానికి మించి లావు. తక్కువ ఆర్పీఎంలో పొగ నిదానంగా నడుస్తుంది, దానికి లాగే వడి ఉండదు. కూత ఎక్కువ, కోత తక్కువ.

చాచా బోధన్ షక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్ ఫ్యాక్టరీలో పైప్ ఫిట్టరు. 1937లో నిజాం పాలనలో పుట్టిన ఆ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లాక ఇంటికొచ్చి షెడ్డు పెట్టుకున్నాడు. కార్ల మెకానిక్ కాదు. జీవితమంతా ఆవిరి పైపులకు వంపులు తీసినవాడు. నేను తెచ్చిన హెడర్స్‌ను చేత్తో తడిమి, నలిగిన వంపులో బొటనవేలు ఆనించి చూసి, ఒకటే అడిగాడు.

"లొల్లి గావాల్నా బేటా, గుంజుడు గావాల్నా?"

"రెండూ కావాలె చాచా."

"గట్ల రెండు దొర్కయ్. ఏ రోడ్డు మీద తిప్పుతవ్, ఎంత స్పీడుల తిప్పుతవ్, గది చెప్పు ముందుగాల."

కారుకు పైపు కొనబోయేవాళ్లు ఎవరైనా తమను తాము అడగాల్సిన ప్రశ్న అదే, ఎవరూ అడుక్కోరు. నేను తిప్పేది బోధన్ రోడ్డు. ట్రాక్టర్లు, గేదెలు, బస్సులు, గుంతలు. ఆరేడు వేల ఆర్పీఎం దాకా ఇంజనును తిప్పే సందు అక్కడ నెలకోసారి కూడా దొరకదు. మూడు వేల దగ్గర చటుక్కున లాగాలి. అంటే గొట్టాలు సన్నగా, పొడుగ్గా ఉండాలి. లోపలి వ్యాసం హెడ్‌లోని పోర్టు నోటికంటే ఒక్క వెంట్రుకవాసి పెద్దది, అంతే. ఆ చిన్న మెట్టు కూడా ఎందుకంటే, వెనక్కి తన్నే పొగ దానికి కొట్టుకుని ఆగుతుందట.

కొలతలకు చాచా వాడింది వెల్డింగ్ చువ్వ, నూలు దారం. చువ్వను బానెట్ కిందికి దూర్చి, ఆయిల్ చాంబరునూ స్టార్టరునూ తప్పించుకుంటూ దారి వంచేవాడు. దాన్ని బయటికి తీసి దారంతో కొలిచేవాడు. నాలుగు దారాలూ పక్కపక్కన మేకుకు వేలాడదీస్తే కొసలు ఒక గీత మీద నిలవాలి. మూడో దారం రెండు రోజులు ఏడిపించింది. ఫ్లాంజిని పాత హెడ్ ముక్కకు బోల్టులతో బిగించి ఉంచే వెల్డింగ్ చేశాడు, వేడికి వంగకుండా. తర్వాత అద్దం పలక మీద ఎమెరీ కాగితం పరిచి, ఫ్లాంజిని దాని మీద గంటల తరబడి రాయించాడు. రాసింది నేనే.

బిగించేటప్పుడు అసలు గండం పాత నట్లు. పన్నెండేళ్ల తుప్పు. పానా వేసి బలం చూపిస్తే స్టడ్డు హెడ్‌లోనే విరుగుతుంది, ఆ తర్వాత డ్రిల్లింగు, లేత్ దుకాణం, వారం గల్లంతు. చాచా రాత్రే నూనె పోసి పొమ్మన్నాడు. పొద్దున ఇంజను కాస్త వెచ్చబెట్టి, ప్రతి నట్టునూ ముందు బిగించే వైపు పిసరంత తిప్పి, తర్వాత వదులు చేశాడు. అన్నీ వచ్చాయి. కొత్త ప్యాకింగ్ వేసి, నడిమి నట్లతో మొదలుపెట్టి కొసలకు పోతూ, మూడు విడతల్లో బిగించాం.

చల్లటి ఇంజను స్టార్ట్ చేస్తే టిక్ టిక్‌మని ఎక్కడో గాలి కారుతున్న చప్పుడు. చాచా అగరుబత్తి వెలిగించి జాయింట్ల వెంబడి తిప్పాడు. మూడో పోర్టు దగ్గర పొగ వణికింది. పావు చుట్టు బిగించాడు, పొగ నిటారుగా లేచింది.

ఇక్కడ చిన్న మాట. నా పాత బండికి కార్బురేటరు, దానికి కెటలిటిక్ కన్వర్టర్ లేదు. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 కార్లకు ఈ కథ వర్తించదు. చాలావాటిలో ఆ కన్వర్టర్ మానిఫోల్డ్‌ను అంటిపెట్టుకునే ఉంటుంది. హెడర్స్ పేరుతో దాన్ని పీకేస్తే ఆక్సిజన్ సెన్సరు గోల పెడుతుంది, డ్యాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది, పొగ విషమవుతుంది. చట్టమూ ఊరుకోదు. కంపెనీ ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. అదే ఏడాది సవరణ తర్వాత శబ్ద, వాయు కాలుష్యానికి జరిమానా పదివేల దాకా పోయింది. బుల్లెట్ సైలెన్సర్లను పోలీసులు రోడ్‌రోలర్ కింద తొక్కించే దృశ్యం చూస్తే నాకు జాలి కలగదు. అవి లొల్లి కోసం కొన్నవి. నిజామాబాద్‌లో ఆస్పత్రులన్నీ ఉన్న ఖలీల్‌వాడిలో అర్ధరాత్రి ఆ మోత విన్నవాళ్లెవరికీ కలగదు.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ రేసు జరిగింది. అన్నీ కరెంటు కార్లే, ఒక్కదానికీ పొగగొట్టం లేదు. ఈల వేస్తూ దూసుకుపోయాయి. గుంజుడు ఉంది, లొల్లి లేదు. చాచా చూసి ఉంటే ఏమనేవాడో. షక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. ఆ తర్వాత ఎడపల్లి మీదుగా పోయినప్పుడు షెడ్డు తలుపులకు తాళమే చూశాను.

షెడ్డులో ఆ రోజు మాత్రం పని అగరుబత్తి పరీక్షతో అయిపోలేదు. పొగ సులువుగా పోతే గాలి ఎక్కువ లోపలికొస్తుంది, పెట్రోలు చాలదు. మెయిన్ జెట్ ఒక సైజు పెంచి, బోధన్ దాకా గట్టిగా తోలి, వేగంలో ఉండగానే క్లచ్ నొక్కి, తాళం ఆపి, పక్కకు తీసి ఒక ప్లగ్గు ఊడదీశాను. సున్నంలా తెల్లగా ఉంది. ఇంకో సైజు పెంచి మళ్లీ తోలాను. ఈసారి ప్లగ్గును గుడ్డలో చుట్టి చాచా దగ్గరికి తెచ్చాను. దాన్ని వెలుగుకు పెట్టి, కళ్లు చికిలించి, పింగాణీని గోటితో గీకాడు.

"బెల్లం రంగు వచ్చింది, దేఖో. ఇగ దాన్ని ముట్టకు," అని ప్లగ్గు నా చేతిలో పెట్టాడు. "రేపు ఇంజిను సల్లగున్నప్పుడు తే. నట్లు మల్ల బిగియ్యాలె."