కరువు కథకు సాక్షి ఎవరు?

చావు తప్పించుకున్నోళ్ళ మాటల మీద రాసిన నవల చరిత్రా, కట్టుకథా? సాహిత్య సభల్లో ఇట్లా అడిగేది రాతకోతలున్నోళ్ళే. వాళ్ళ తాతలకు దస్తావేజులున్నాయి. మనకున్నది ముసలమ్మల నోరు.

జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం' (2000) ఆ నోటిని నమ్మి రాసిన నవల. రూతు జ్ఞాపకం చేసుకుంటుంది, కథ నడుస్తుంది. ధాత కరువులో (1876-78) శివయ్య, శశిరేఖ బకింగ్‌హాం కాలువ పనికి నడిచిపోతారు. ఆకలి అందరిదీ. కానీ మట్టిపనికొచ్చిన అంటరానోళ్ళను తరిమికొడతారు. కరువనగానే వానల లెక్క చెప్పేవాళ్ళకు ఈ నవల కరువుకున్న కులం చూపించింది. దాని గెలుపు అదే.

మార్కాపురం, కంభం అప్పట్లో కర్నూలు జిల్లా. పలకల గనిలో పనిచేసిన మా అవ్వ, వాళ్ళవ్వ చెప్పిన కరువును మాకు చెప్పేది. నాగజెముడు పండ్లు తిన్నారంట. ఏటెంబడి తూర్పుకు నడిచారంట. దోవలో ఇద్దరు బిడ్డల్ని పూడ్చారంట. అవ్వకు సంవత్సరం తెలీదు, ఏరు తెలుసు. గుండ్లకమ్మ. నల్లమలలో పుట్టి, కంభం చెరువు నింపి, తూర్పుకు పారే ఏరు. ఆ ఏటి దగ్గరే, ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లిలో, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అంకె మిషన్ పుస్తకాల్లో ఉంది. పూడ్చిన బిడ్డలు అవ్వ నోట్లో ఉన్నారు. రాసేవాడికి రెండూ కావాలి.

ఎందుకంటే "గంజి కోసం మతం మారినోళ్ళు" అనే నింద ఇంకా మన మీదుంది. క్లౌ దొర కాలువలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకుని మనోళ్ళకు పని చూపించాడు. అయితే కరువు రోజుల్లో ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశాడు. రక్తి కట్టించడానికి ఏ రచయితైనా బాప్తిస్మాన్ని గంజి తొట్టి పక్కకు జరిపితే, ఆ నింద మోసేవాడి చేతికి కర్ర అందించినట్టే.

యూదుల మారణహోమం మీద రాసేవాళ్ళకూ ఈ చిక్కుంది. ఆష్‌విట్జ్‌లో తోటి ఖైదీల చేతుల మీద నంబర్లు పొడిచిన మనిషి చెప్పిన కథతో హెదర్ మోరిస్ 2018లో నవల రాసింది. లక్షలమంది చదివారు. ఆష్‌విట్జ్ స్మారక సంస్థ మాత్రం అందులో తప్పులు ఎత్తి చూపింది, దాన్ని చారిత్రక ఆధారంగా తీసుకోవద్దంది. అక్కడ నవల పొరబడితే దిద్దడానికి కాగితాలున్నాయి. మన అవ్వల బతుకులకు రేపు నవలే కాగితమవుతుంది. అందుకే మన బాధ్యత పెద్దది.

బిడ్డను పూడుస్తూ ఆ తల్లి ఏమనుకుందో ఊహించు. అది నీ హక్కు. నీళ్ళు ముట్టనియ్యనిదెవరు, పని దగ్గర తరిమిందెవరు, ఏది ముందు ఏది వెనక అన్నది మార్చే హక్కు నీకు లేదు.

గిద్దలూరు, కంభం, మార్కాపురం పల్లెల్లో ముసలోళ్ళు ఇంకా ఉన్నారు. విద్యార్థి మిత్రులారా, నవల తర్వాత. ముందు వాళ్ళ పక్కన కూర్చోండి.