స్ట్రింగులు అతికించొద్దు

స్క్రిప్టుతో ఎక్స్‌ఎంఎల్ తయారుచేసే కోడ్ ఎవరు చూపించినా నా కళ్లు ముందు ప్లస్ గుర్తుల కోసం వెతుకుతాయి. ట్యాగు తెరవడం, ప్లస్ పెట్టి వేరియబుల్ తగిలించడం, మళ్లీ ప్లస్ పెట్టి ట్యాగు మూయడం. పని తొందరగా తెమిలిపోతుంది, పరీక్షలో బాగానే నడుస్తుంది. ఆ వేరియబుల్‌లోకి ‘రావు & సన్స్’ అనే దుకాణం పేరు వచ్చిన రోజున మాత్రం ఫైలు మొత్తం చతికిలబడుతుంది. & కనిపిస్తే ఏదో ఎంటిటీ మొదలైందనుకుంటుంది పార్సర్. దాని పక్కన ఖాళీ ఉంటే హెచ్‌టీఎంఎల్ విషయంలో బ్రౌజర్ సర్దుకుపోతుంది కానీ, ఎక్స్‌ఎంఎల్ విషయంలో సర్దుకోవడానికి వీల్లేదు. 1998 ఫిబ్రవరిలో వచ్చిన ఎక్స్‌ఎంఎల్ 1.0 నియమమే అది.

అదే ఏడాది అక్టోబరులో డబ్ల్యూ3సీ ప్రకటించిన డామ్ మొదటి స్థాయిలోనే దీనికి మందుంది. క్రియేట్‌ఎలిమెంట్‌తో ఎలిమెంటు, క్రియేట్‌టెక్స్ట్‌నోడ్‌తో టెక్స్ట్ నోడు విడివిడిగా పుట్టించి, అపెండ్‌చైల్డ్‌తో ఒకదాని కింద ఒకటి చేర్చాలి. టెక్స్ట్ నోడులో ఏం వేసినా అది వట్టి పాఠ్యమే. అందులో & ఉన్నా, < ఉన్నా ట్యాగుగా మారే ప్రసక్తే లేదు. ఎస్కేప్ చేసే పని చివర్లో సీరియలైజర్ చూసుకుంటుంది. మంచిది కదా అని మనం ముందే ఎస్కేప్ చేసి ఇస్తే అది రెండుసార్లవుతుంది, దుకాణం పేరు మధ్యలో ‘ఏఎంపీ’ అక్షరాలు తేలతాయి. నాలుగు వరుసలు ఎక్కువ రాయాల్సి వచ్చినా నేను ఈ దారే పట్టమంటాను. వాడుకరి టైప్ చేసిన మాట ఎప్పటికీ మాటగానే మిగలాలి.

ఎక్స్‌ఎంఎల్‌లో ట్యాగు పేర్లు తెలుగులోనూ పెట్టుకోవచ్చు. <పుస్తకం> అని ఎలిమెంటు పుట్టిస్తే అది నిక్షేపంగా చెల్లుతుంది. నాకు ఇది చాలా ఇష్టం. అయితే టెక్స్ట్ నోడును స్ప్లిట్‌టెక్స్ట్‌తో విడగొట్టేటప్పుడు జాగ్రత్త. మన కంటికి మూడక్షరాలైన ‘పుస్తకం’ యంత్రానికి ఏడు యూనిట్లు, ఎందుకంటే గుణింతం, పొల్లు, సున్నా విడివిడిగా లెక్కకొస్తాయి. మూడో యూనిట్ దగ్గర కోస్తే మొదటి నోడులో ‘పుస’ మిగిలి, పొల్లు రెండో నోడు నెత్తిన కూర్చుంటుంది. పక్కపక్కనే ఉన్నంతవరకూ నార్మలైజ్ వాటిని మళ్లీ కలిపేస్తుంది. ఈలోగా మధ్యలో ఇంకో ఎలిమెంటు దూర్చామా, ఒత్తు పోయినట్టే.

ఎస్‌వీజీ బొమ్మలకు క్రియేట్‌ఎలిమెంట్ చాలదు. నేమ్‌స్పేస్ కూడా అడిగే క్రియేట్‌ఎలిమెంట్‌ఎన్‌ఎస్ వాడాలి. లేకపోతే వృత్తం పేరుతో ఎలిమెంటు చెట్టులో కనిపిస్తూనే ఉంటుంది, తెర మీద మాత్రం గీత కూడా పడదు. ఎర్రర్ ఏదీ రాదు కాబట్టి గంటలు గంటలు రంగులూ కొలతలూ తిరగేస్తుంటారు.