పొట్టమీది చారలు

సముద్రపక్షులను గుర్తించు విద్య నేర్వగోరువారు అరుదైన పక్షిని వెదకుటతో ఆరంభింపరాదనియు, నిత్యము కంటబడు సామాన్యపక్షినే విసుగులేక చూచి చూచి, దాని రెక్కవిసురును, నీటిపై అడుగులు వేయు తీరును కంఠస్థము చేసికొనవలెననియు నా అభిప్రాయము. ఇందులకు న్యూజీలాండ్ స్టార్మ్ పెట్రెల్ కంటె మంచి నిదర్శనము నాకు దొరకలేదు.

అరచేత ఇమిడిపోవు ఈ పిట్ట, పందొమ్మిదవ శతాబ్దిలో సేకరింపబడిన మూడు నమూనాల రూపమున మాత్రమే పారిస్, ఇంగ్లండు మ్యూజియములలో మిగిలి, నూరేండ్లకు పైగా ఎవరికిని సజీవముగా కానరాక, అంతరించిన జాతులలో జమకట్టబడెను. 2003 జనవరిలో మెర్క్యురీ దీవుల చెంత పక్షిప్రియుల పడవకు ఒక్క పిట్ట ఎదురై ఛాయాచిత్రమునకు చిక్కెను. ఆ నవంబరులో హౌరాకి సింధుశాఖలో మరికొన్ని కనబడి, అది ఆ జాతియేనా యను సందేహమును తీర్చెను. ఆ సముద్రము నిర్జనమైనదా యనిన, కాదు. ఆక్లండ్ మహానగరపు గుమ్మము ముందటిదే.

నేనును అచ్చట పడవ యెక్కితిని. చేపల పేగులును నూనెయు నీటిపై చల్లినచో, పెట్రెల్ వంటి గొట్టపుముక్కుల పక్షులు ఆ వాసన పట్టి ఎంతో దూరమునుండి వచ్చును. (ఆ కంపు నా చొక్కాను నేటికిని వదలలేదనుట వేరు సంగతి.) కెరటపు లోయలో మాయమై మరియొక కెరటముపై తేలు పిట్ట, ఊగులాడు పడవనుండి చూచువాని దుర్భిణిలో నిలుచునది రెండు మూడు క్షణములే. నడుముపై తెల్లని పట్టి కనబడినంత మాత్రమున మురియరాదు. విల్సన్ పెట్రెల్‌కును అది కలదు, కాని దాని పొట్ట నల్లనిది. ఆ ప్రాంతమున విస్తారముగా నుండు తెల్లమొగపు పెట్రెల్ పొట్ట మచ్చలేని తెలుపు. నల్లపొట్ట పెట్రెల్‌కు తెలుపు నడుమ నల్లని గీత యొకటి పొడుగున సాగును. మన పిట్టకు మాత్రము తెల్లని పొట్టపై, సిరా ఆరకమునుపే చేయి తగిలి అలికినట్లు, నలుపు చారలు చారలుగా చెదరియుండును. పడవమీది వారందరును ఉత్సాహముతో వ్రేలు చూపుచుండగా, "ఏమో, నేను చార చూడలేదు" అనగలవాని నోటుపుస్తకమునే నేను నమ్ముదును.

పిట్ట దొరకిన పిమ్మటను గూడెచ్చటనో పదేండ్ల వరకు తెలియలేదు. సముద్రముపై వలతో పట్టి, చిన్న రేడియో యంత్రములంటించి విడువగా, 2013లో అవి ఆ సింధుశాఖలోని హౌతురు దీవి యడవులలోనికి రాత్రివేళ పోవుచున్నట్లు తేలెను. ఆ దీవిలో పిల్లులను 1980 నాటికి, ఎలుకలను 2004లో నిర్మూలించిరి. అనగా, వానిని పీడించు జంతువులు తిరుగాడిన కాలమంతయు పిట్టలెట్లో బ్రదికియే యున్నవి. ఆ సింధుశాఖలో విహరించినవారు ఇదియు తెల్లమొగపు పెట్రెలే కాబోలునని వ్రాసికొని యెన్నిసార్లు ఇంటికి పోయిరో!