పాడ్కాస్టుల పరిష్కరణము – విరామవిచారము

తాళపత్రగ్రంథమును బరిష్కరించు పండితునకును, ధ్వనిముద్రితమైన సంభాషణమును బరిష్కరించు నేఁటి యువకునకును గర్తవ్య మొక్కటియే. ఒకరి పలుకును జెడకుండ వేఱొకరికిఁ జేర్చుటయే యిరువురి పనియు. ఇరువురును దమ నేర్పును జూపఁబోయి మూలమును మఱుఁగుపఱచుటయుఁ గలదు. పాడ్కాస్టు అను పేరు 2004వ సంవత్సరము ఫిబ్రవరినెలలో బెన్ హామర్‌స్లీ యను పత్రికారచయిత 'గార్డియన్' పత్రికకు వ్రాసిన వ్యాసమునఁ గానవచ్చినది. నేఁడు తెలుఁగుకథలను, రచయితలతోడి సంభాషణములను వినిపించు 'హర్షణీయం' వంటివి వెలసినవి. తిరువూరువంటి యూర నున్న వృద్ధుని పలుకును జేతిలోని ఫోనుతోఁ బట్టి, దేశాంతరములందలి తెలుఁగువారికి వినిపింప వీలైనది. కావున నీ పరిష్కరణమునకు మేర యెంతవఱకో నిర్ణయింపవలసియున్నది.

బెజవాడ ఆకాశవాణికేంద్రము 1948 డిసెంబరు 1వ తేదిని బ్రారంభమైనది. రేడియోకేంద్రములలో టేపు వాడుకలో నున్నకాలమునఁ బరిష్కరణమనఁగా టేపును వలసినచోటఁ గోసి మరల నతికించుటయే. ఆ పని శ్రమసాధ్యము గావున నక్కఱలేని కోఁతకుఁ జేయి వెనుదీయును. నేఁటి కంప్యూటరు విరామము లన్నిటిని నొక్కమీటతోఁ దొలఁగింపఁగలదు. డిస్క్రిప్ట్ వంటి సాధనములందు వ్రాఁతలో నొక మాటను గొట్టివేసిన, ధ్వనిలోను నది మాయమగును. వక్త యనని మాటను సయితము, అతని కంఠమును బోలిన కృత్రిమస్వరముతోఁ జేర్పవచ్చును. పని సులభమైనకొలఁది వివేక మధికముగా వలయును.

మొట్టమొదట రెండింటిని వేఱుపఱుపవలయును. పంకాచప్పుడు, లారీమోఁత, తీఁగ సరిగాఁ దగులకుండుటచేఁ గలిగిన గురగుర – ఇవి యంత్రమునకును స్థలమునకును జెందిన దోషములు. వీనిఁ దొలఁగించుట, ప్రతిని వ్రాసిన లేఖకుని తప్పును దిద్దుటవంటిది. దానికెవ్వరును నాక్షేపింపరు. "మఱి", "అదేనండీ", "అంటే" యనునవి వక్తకుఁ జెందినవి. వీని నన్నిటిని నిరర్థకములని కోయువారు పెక్కుఱు. కాని "అదేనండీ" యనువాఁడు మఱచినదానిని వెదకికొనుచు, నంతదాఁక శ్రోతను బట్టియుంచుచున్నాఁడు. కథ చెప్పువాని యెదుట "ఊఁ" కొట్టువాఁడు లేనిచోఁ గథ సాగదని తెలుఁగువా రెల్లరు నెఱుఁగుదురు. ఆ "ఊఁ"లను గోసివైచినఁ గథ మిగులునేమో కాని, కథ చెప్పుట మిగులదు.

విరామముమాట యింతకంటె సూక్ష్మమైనది. పాణిని యష్టాధ్యాయియందు ప్రథమాధ్యాయ చతుర్థపాదము తుది రెండుసూత్రములలో వర్ణముల యత్యంతసామీప్యమునకు సంహిత యనియు, విరామమునకు నవసాన మనియు సంజ్ఞలు చేసెను. పలుకకుండుటకును శాస్త్రమునఁ బేరు గలదు, కార్యము గలదు. అవసానమందు రేఫము విసర్గమగును. అనఁగా మౌనము తన ముందున్న వర్ణమునే మార్చుచున్నది. దూరమునుండి పిలుచునపుడు స్వరము ప్లుతమగునని యష్టమాధ్యాయమునఁ జెప్పుటచే, వ్యవహారములోని సాగుదలయు లెక్కింపఁదగినదే యని యాతని యభిప్రాయము. విరామముల నన్నిటిని దొలఁగించు పరిష్కర్త, వక్త యవసానము చేసినచోట సంహితను గల్పించుచున్నాఁడు.

దీనివలన హాని యెట్టిదో చూడుఁడు. తిరువూరుసీమ మామిడితోఁటలకుఁ బ్రసిద్ధము. అచటి రైతు నొకనిని "ఈ యేడు ధర గిట్టినదా?" యని యడిగిరనుకొనుఁడు. అతఁడు నాలుగు నిట్టూర్పుల కాలము పలుకక, పిదప "ఆఁ, గిట్టిందండీ" యనెను. ఆ మౌనముతోఁ గూడిన మాటకు గిట్టలేదనియే యర్థము. మౌనమును గోసిన, నదే మాట సంతోషవార్తయై వినఁబడును. ఒక్క యక్షరమైనఁ జేర్పలేదు, మార్పలేదు. అయినను రైతునోట నసత్యము పలికించినట్లైనది.

ఇఁక మాటతీరును జక్కఁజేయువారు గలరు. 2022 ఏప్రిలువఱకుఁ గృష్ణాజిల్లాలో నుండి, పిదప ఎన్.టి.ఆర్. జిల్లాలోఁ జేరిన తిరువూరు, ఖమ్మముజిల్లాకుఁ బొరుగు. ఇట్టి సరిహద్దుసీమలందుఁ "వచ్చాడు", "వచ్చిండు" అను రెండురూపములును వినవచ్చుట సహజము. ఒకటి యొప్పనియు, రెండవది తప్పనియుఁ దలఁచి వక్తచేత మరలఁ బలికించుట, "కలెక్టరుకాయ" యన్న రైతుచేతఁ "దోతాపురి" యనిపించుట పరిష్కరణము గాదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వెలువడిన వ్యవసాయవృత్తిపదకోశము, ఏ సీమవా రేమందురో యదియే కోశమున కెక్కఁదగునని చూపినది. పతంజలి పస్పశాహ్నికమున యర్వాణస్తర్వాణు లను ఋషులను బేర్కొనెను. లోకవ్యవహారమున వారు వికృతముగాఁ బలికిన పలుకే వారికిఁ బేరైనది. యజ్ఞకర్మమున మాత్రము వా రపశబ్దమును బలుకలేదు. ఆ పలుకును నాఁ డెవ్వరైన దిద్దియుండినచో వారి పేరే నేఁడు మనకుఁ దెలియకుండెడిది.

వినువారి కాలము విలువైనది గదా, నిడివి తగ్గింపవలదా యని యాక్షేపింపవచ్చును. తగ్గింపవచ్చును. అప్రస్తుతమైన ప్రసంగమును సాకల్యముగాఁ దొలఁగించుట మేలు; ప్రస్తుతమైనదానిలోని యూపిరులను దొలఁగించుట కీడు. గ్రంథములోఁ బ్రకరణమును విడిచితిమని చెప్పి విడువవచ్చును, పద్యములో గణమును విడువరాదు.

సి.పి. బ్రౌను 1829లో వేమనపద్యములను ముద్రించుటకై పెక్కుమాతృకలను సేకరించి పోల్చి చూపించెను. ఆతఁడు గూర్చిన లిఖితగ్రంథములు మద్రాసు ప్రాచ్యలిఖితపుస్తకభాండాగారమున నిలిచియుండుటచేతనే, పిదపటివారు పాఠములను మరల విచారింపఁగలిగిరి. ధ్వనిపరిష్కర్తకు నిదియే మార్గము. కోయని మూలముద్రణమును భద్రపఱుపవలయును. కోసినచోట కోసితినని తెలుపవలయును. ప్రకటింపకముందు వక్తకు వినిపించి, తన భావ మదియే యని యాతఁ డనిన పిదపనే వెలువరింపవలయును. వక్త యనని మాటను గృత్రిమస్వరముతోఁ జేర్చుట యెన్నఁడును గూడదు. కుండ కావలసినవాఁడు కుమ్మరియింటికిఁ బోవునట్లు, మాట కావలసినవాఁడు వ్యాకర్తయింటికిఁ బోఁడని పతంజలియే సెలవిచ్చెను. పరిష్కర్తయింటికి మాత్ర మేల పోవలయును?