శెనక్కాయ వేరులో ఒకటి, చెరువు బురదలో ఒకటి

కదిరి వైపు ఎర్రనేలలో నెలన్నర వయసున్న శెనక్కాయ చెట్టును పీకి చూస్తే, పిల్లవేర్లు పుట్టే చోట ఆవగింజంత బుడిపెలు కనిపిస్తాయి. గోటితో చిదిమితే లోపల ఎర్రగా ఉండాలి. ఎరుపుంటే పని సాగుతోందని అర్థం. ఆకుపచ్చకు తిరిగిందంటే ముగిసినట్టే. గాలిలోని నత్రజనిని అమ్మోనియంగా మార్చి చెట్టుకు అందించే రైజోబియం కోవ బాక్టీరియా అందులో కాపురముంటుంది. విత్తనశుద్ధి ప్యాకెట్ల మీద దాని పేరు చూడని రైతు అరుదు. సరిగ్గా ఎదురు దారిలో నడిచే అనమాక్స్ బాక్టీరియా పేరు మాత్రం అనంతపురంలో ఎవరి నోటా వినపడదు. ప్రాణవాయువు సోకని చోట అది అమ్మోనియాన్ని నైట్రైట్‌తో కలిపి మళ్లీ నత్రజని వాయువుగా వదిలేస్తుంది. రెంటినీ పక్కపక్కన పెట్టగానే మొదటిది దాత, రెండోది దొంగ అనేయడం తేలిక. ఆ తీర్పుతోనే నాకు పేచీ.

విచిత్రమేమంటే రెండింటి పుట్టిల్లూ ఒకటే. 1888లో బుడిపెల బాక్టీరియాను విడిగా పెంచి చూపిన బైయరింక్ అప్పట్లో హాలండ్‌లోని డెల్ఫ్ట్ ఊళ్లో ఈస్టు ఫ్యాక్టరీ ఉద్యోగి. నూరేళ్లు గడిచాక, అదే ఫ్యాక్టరీ వారసురాలైన గిస్ట్ బ్రొకేడ్స్ కంపెనీలో, మురుగునీటి శుద్ధి తొట్టిలో అమ్మోనియం లెక్కకు అందకుండా మాయమవుతోందని ఆర్నాల్డ్ మల్డర్ బృందం గమనించింది. 1999లో ఆ బాక్టీరియా గుట్టు తేలాక దానికి బ్రొకేడియా అని కంపెనీ పేరే పెట్టారు.

తెలిసిన తీరు మాత్రం తలకిందులు. పప్పుజాతి పైరు వేస్తే నేల బాగుపడుతుందని రైతులకు ఏనాటి నుంచో తెలుసు. సైన్సు వెనకాల వచ్చి కారణం చెప్పింది. అనమాక్స్‌ను ముందు కాగితం మీద కనుక్కున్నారు. ఇలాంటి చర్యలో శక్తి పుడుతుంది, కాబట్టి దాని మీద బతికే జీవి ఎక్కడో ఉండాలని వియన్నా రసాయనవేత్త ఎంగెల్‌బర్ట్ బ్రోడా 1977లో రాశాడు. రైతు కంట పడని పని కాబట్టి దానికి లెక్కల మనిషి కావలసి వచ్చాడు.

లోపలి పనిలోనూ పోలిక ఉంది. రెంటి పనికీ ప్రాణవాయువు ఎక్కువైతే గిట్టదు. బుడిపెలోని ఎరుపు లెగ్‌హిమోగ్లోబిన్‌ది. అది ప్రాణవాయువును పట్టి ఉంచి, నత్రజనిని విడగొట్టే ఎంజైమును కాపాడుతుంది. అనమాక్స్ కట్టే గుళికలూ ఎర్రనివే. అక్కడ ఎరుపు సైటోక్రోములది. ఖర్చు దగ్గర మాత్రం దారులు చీలుతాయి. ఒక్క నత్రజని అణువును విడగొట్టడానికి రైజోబియం కణం శక్తి నాణేలైన ఏటీపీలు 16 వెచ్చిస్తుంది, ఆ బిల్లు చెట్టు కడుతుంది. అనమాక్స్‌కు పోషకుడు లేడు. నత్రజని పరమాణువులను జత చేస్తూ, ఆ జత చేయడం మీదే బతుకుతుంది. మధ్యలో హైడ్రజీన్ తయారవుతుంది. ఉపగ్రహాలను కక్ష్యలో సర్దే ఇంధనమది! ఆ పనికి కణంలో ప్రత్యేకంగా ఒక అర, దానికి మరే జీవిలోనూ కనిపించని బిగువైన కొవ్వు గోడ.

ఇక దాత సంగతి. 550 మిల్లీమీటర్ల సగటు వాన పడే ఈ గడ్డ మీద బుడిపెలు కట్టాలంటేనే అదును కుదరాలి. కుదిరిందే అనుకుందాం. కోతకొచ్చాక శెనక్కాయను వేళ్లతో సహా పీకేస్తాం. కాయ నూనె గానుగకూ విత్తనానికీ పోతుంది, కట్టె పశువుల మేతకు పోతుంది. సంపాదించిన నత్రజనిలో పెద్ద భాగం గింజలో, కట్టెలో ఉంది. నేలకు మిగిలేది కొద్దే. అది తిరిగి చేలోకి రావాలంటే పెంటదిబ్బ ద్వారానో, చేలో గొర్రెల మంద కట్టినప్పుడు మూత్రం ద్వారానో రావాలి. అందులోనూ కొంత ఎండకు అమ్మోనియాగా ఎగిరిపోతుంది. కరపత్రాల్లో రైజోబియం పొగడ్త చదివినప్పుడల్లా ఈ రెండో సగం ఎవరూ రాయరేమని అనిపిస్తుంది.

దొంగ అనిపించుకున్నదానికి గాలాడే ఎర్రచేలో చోటు లేదు. దానికి తగిన చోటు చెరువు అడుగు బురద, నీరు నిలిచిన వరిమడి. చైనా వరిమళ్లలో దాన్ని గుర్తించారు కూడా. పైగా నిదానస్తురాలు: రెట్టింపు కావడానికి పది, పదిహేను రోజులు పడుతుంది. దీనితో మురుగు శుద్ధికి రాటర్‌డామ్‌లో 2002లో కట్టిన మొదటి పెద్ద ప్లాంటు పూర్తిగా దారిలో పడటానికి మూడేళ్లు దాటింది. ఏటా ఎండిపోయే చెరువులో ఇంత నెమ్మదస్తురాలు దోచుకునేదెంత?

దాని అసలు బలం ఊరి మురుగునీటి దగ్గర. మామూలు పద్ధతిలో అమ్మోనియాన్ని పోగొట్టాలంటే రాత్రింబవళ్లు గాలి ఊదాలి, కరెంటు కాలాలి. అనమాక్స్‌తో ఆ గాలి సగానికి పైగా ఆదా. యూరప్‌లో దీనికి చలి అడ్డం, ముప్పై డిగ్రీలు దాటితేనే అది హుషారుగా ఉంటుంది. అనంతపురంలో ఆ వేడికి లోటు లేదు.

అయినా ఇక్కడ అలాంటి ప్లాంటు కట్టాలని ఎవరైనా అంటే నేను వెంటనే చేయెత్తను. మురుగులోని ఆ నత్రజని ఎవరిది? కంది, శెనక్కాయ తిన్న మనుషులది. నత్రజని లేక నకనకలాడే ఎర్రనేల ఊరవతలే ఉండగా దాన్ని ఆకాశంలోకి వదలడం దుబారా. శుద్ధి చేసిన నీటిని గడ్డిచేలకో, తోటలకో మళ్లించగలిగినన్ని నెలలు అమ్మోనియం అందులోనే ఉండనివ్వాలి. వానలు పడి చేలు ఆ నీరు అడగని వారాల్లో మాత్రం, అది చెరువులో కలిసి నాచు పట్టకముందే, అనమాక్స్‌కు అప్పగించవచ్చు. చిక్కేమంటే అంత నిదానంగా పెరిగేదాన్ని ఏడాదిలో కొన్ని వారాల పనికని పిలవలేం; మిగతా కాలమంతా కొంత మురుగు పెట్టి మేపుతూనే ఉండాలి.